మిల్లు మలుపులో ఆగని బస్సు

దారుల మీద బతికే ప్రతి మనిషికీ తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమనిపించే చోటు ఒకటుంటుంది. ఒక మధ్యాహ్నం డిపో క్యాంటీనులో టీ గ్లాసులు ముందు పెట్టుకుని డ్రైవర్లు ఆ లెక్కే తేల్చుకుంటున్నారు. ఒకతనికి సంత రోజున పశువుల వీధి. మరొకతనికి కోర్టు ముందరి కూడలి. అక్కడ రోడ్డు దాటేవాళ్ల బుర్రలో వాయిదా తప్ప మరేమీ ఉండదనీ, బస్సు మీదికొచ్చినా తలెత్తరనీ అతని ఫిర్యాదు. ఇంకొకతను తన అత్తవారి ఊరు పేరెత్తాడు.

"అదేంట్రా, అక్కడ రోడ్డు నున్నగా ఉంటుంది కదా?"

"రోడ్డు నున్నగానే ఉంటుంది. బస్టాండులో మా మామే గరుకు. బస్సు కనబడితే చాలు, ఎక్కి నా పక్కన నిలబడి, మా అమ్మాయిని సరిగ్గా చూసుకుంటున్నావా అని అందరి ముందూ విచారణ మొదలుపెడతాడు."

నవ్వులు సద్దుమణిగాక కండక్టరు అందుకున్నాడు. "మీరెన్నయినా చెప్పండి, మిల్లు మలుపుని మించింది లేదు. ఆ కంపుకి మొన్న ఒకావిడ పిల్లాడి ముక్కు మూయబోయి నోరు కూడా మూసేసింది. వాడు గుడ్లు తేలేశాడు."

ఆ మాటకు ఎదురు చెప్పినవాడు లేడు. చివరికి అందరూ మూల కూర్చున్న పెద్ద డ్రైవరు వైపు తిరిగారు. "ఏం జడ్జిగారూ, తీర్పు చెప్పండి."

"అందరూ ఒకే మాట మీదున్నాక తీర్పెందుకు?" అన్నాడాయన, ఖాళీ గ్లాసు కిందపెట్టి లేస్తూ.

జడ్జి అన్న పేరు ఊరికే రాలేదు. తోటి డ్రైవరు ఒక సైకిలువాణ్ని పడగొట్టినప్పుడు, విచారణలో డ్రైవర్ల సంఘం వాళ్లంతా అతన్ని కాపాడేలా ఒక మాట చెబితే, ఈయన ఒక్కడే చూసింది చూసినట్టు చెప్పాడు. మరోసారి బస్సు కింద పడి ఒకడు పోయినప్పుడు, తప్పంతా తప్పతాగిన ఆ బాటసారిదేనని చెప్పి, చనిపోయినవాడి మీద నింద వేస్తున్నావా అని జనం మీదికొచ్చినా మాట మార్చలేదు. ఆయన నోట అబద్ధం విన్నవాళ్లు డిపోలో ఎవరూ లేరు. అది నిజమే. అయితే నోరు విప్పని చోట మనిషి ఏం దాచుకున్నాడో ఎవరికీ తెలియదు. ఆయన పుట్టింది మిల్లు మలుపు పక్కనున్న కాగితం మిల్లు క్వార్టర్లలోనని అక్కడున్న ఒక్కరికీ తెలియదు. తండ్రి ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే, "వంట పని" అనేవాడు. మిల్లులో వెదురు ముక్కలను మందునీళ్లలో ఉడకబెట్టి గుజ్జు చేసే చోటును అందరూ వంటశాల అనే పిలుస్తారు. ఆ మాటలో అబద్ధం లేదు.

ఆ వంటశాల నుంచే వాసన. కుళ్లిన గుడ్డూ ఉడికిన క్యాబేజీ ఆకూ కలిపి తడిబట్టలో మూటకట్టినట్టుంటుంది. నల్లటి నీరు కాలవలోకి దిగి, నురగ కట్టి, గాలి వీస్తే ముద్దలుగా రోడ్డు మీదికి ఎగురుతుంది. బస్సు ఆ మలుపు తిరగకముందే ఆయన "అద్దాలు!" అని కేక పెట్టేవాడు. కండక్టరు ఆ కేకను వెనక వరకూ మోసుకెళ్లేవాడు. అద్దాలు మూసుకుని, కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుని, జనం ఆ చోటును కళ్లతో కూడా చూడకుండా దాటేవారు.

లోపల ఉండేవాళ్లకు ఆ వాసన తెలియదు. చిన్నప్పుడు ఆయనకూ తెలియదు. డ్రైవరు ఉద్యోగం వచ్చి, నగరంలో గది తీసుకుని, కొన్నాళ్లకు ఇంటికి తిరిగొచ్చిన రోజున మొదటిసారి అది ముక్కుకు తగిలింది. గుమ్మంలో ఎదురొచ్చిన అక్క, "ఏమిట్రా, మొహం అలా పెట్టావు?" అంటే, "బస్సులో ఎండ తగిలింది" అన్నాడు. తనకు ఆ ఇంటితో ఏదో తెగిపోయిందని ఆయనకు ఆ క్షణాన అర్థమైంది. అక్కకు కూడా అర్థమయ్యే ఉంటుంది. తల్లి పోయాక ఆయన్ను పెంచింది అక్కే. ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లే ముందు రోజు, తమ్ముడి చొక్కా ఉతికి, కాలవ గట్టున రైల్వే గేటు దాకా నడిచి, అక్కడి స్నేహితురాలి డాబా మీద ఆరేసి తెచ్చింది. క్వార్టర్లలో ఆరేస్తే వాసన పడుతుందని, తన ముక్కుకు తెలియకపోయినా, ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ దారిలోనే ఆయనకు డ్యూటీ పడింది. మొదట్లో బస్సు మిల్లు క్వార్టర్ల ముందున్న కాలనీ స్టాపులో ఆగేది. ఒక ఉదయం నలుగురు ఆడవాళ్లు ఎక్కారు, వాళ్లలో అక్క కూడా ఉంది. తలుపు తెరవగానే వాసన లోపలికి తోసుకొచ్చింది. ముందు సీట్లో కళ్లజోడు పెద్దమనిషి లేచి, "ఈ తలుపు తెరవకపోతే మీ సొమ్మేం పోతుందయ్యా? వీళ్ల బట్టలు కూడా అదే కంపు" అన్నాడు. అక్క పక్కన కూర్చున్నామె లేచి వేరే సీటుకు మారింది. అద్దంలో అన్నీ చూస్తూనే ఆయన బస్సు కదిపాడు. తర్వాతి సెలవు రోజున ఇంటికెళ్లి, అన్నం తింటూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"అక్కా, ఇకనుంచి రైల్వే గేటు దగ్గర ఎక్కండి. అక్కడైతే గాలి బాగుంటుంది. తలుపు తీసినా ఎవరూ గోల చెయ్యరు."

గేటు అంటే మైలున్నర దూరం. అక్క మజ్జిగ పోస్తూ, "సరేలే, నడిస్తే బట్టలకు కూడా గాలి తగులుతుంది" అంది. ఆ మాట ఆమె నోటి నుంచి పక్కింటికీ, పక్కింటి నుంచి కాలనీ అంతటికీ పాకింది. ఏడాది తిరిగేసరికి కాలనీ స్టాపులో ఎక్కేవాళ్లు గానీ దిగేవాళ్లు గానీ లేరు. అందరూ గేటు దాకా నడిచి ఎక్కేవారు, గేటు దగ్గరే దిగి నడిచేవారు. అక్క బస్సెక్కితే వెనక సీట్లో కూర్చునేది. మాట్లాడక తప్పనప్పుడు "డ్రైవరు గారూ" అనేది. అలా పిలవమని ఆయన ఏనాడూ చెప్పలేదు. అలా పిలవొద్దని కూడా చెప్పలేదు.

ఏళ్లు గడిచాయి. బావ మిల్లులో గుజ్జు తెల్లబరిచే తొట్ల దగ్గర పనిచేసి, ఊపిరితిత్తులు పాడైపోయి ఇంట్లో పడ్డాడు. వారానికొకసారి నగరంలోని ఆసుపత్రికి వెళ్లి తీరాలి. మిల్లు వాళ్ల వ్యాను కొంతకాలం తిప్పి మానుకుంది. ఆటోవాళ్లు కాలనీ మాటెత్తితేనే మొహం తిప్పుకుంటారు. ఒక ఆదివారం ఆయన్ను అక్క ఇంటికి రమ్మంది.

ఒక గది, ఒక వంటగది. గోడకు చెమ్మ. గూట్లోని ఇత్తడి గిన్నెలు ఎంత తోమినా ఆ గాలికి నల్లబడతాయి. బావ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు.

"మీ బావ ఇంక గేటు దాకా నడవలేరురా. మమ్మల్నిద్దర్నీ ఇక్కడే ఎక్కించుకో. ఎవరేమన్నా నేను పడతాలే" అంది అక్క.

"చూస్తానక్కా."

"చూస్తాడట" అన్నాడు బావ. "ముక్కు మూసుకుని... చూస్తాడు."

"మీరు ఊరుకోండి. ఊపిరాడదు గానీ వెటకారం మాత్రం ఆడుతుంది."

"అదొక్కటే కదే... మందు లేకుండా ఆడేది. ఏం బావమరిదీ, మీ జనం నన్ను ఎక్కనిస్తారా? నేనిప్పుడు... సగం మనిషినే. కంపు కూడా సగమే ఉంటుంది."

ఆయన నవ్వలేకపోయాడు. వచ్చే వారం నుంచి కాలనీలో ఆపుతానని మాటిచ్చి లేచాడు.

మాట నిలబెట్టుకునే మనిషే. కానీ ఆ వారంలోనే డిపో మేనేజరు పిలిచాడు. కాలనీకి అవతల పొలాల మీదుగా బైపాసు రోడ్డు పూర్తయింది. అది కాలనీని తప్పించి రైల్వే గేటు దగ్గర పాత రోడ్డులో కలుస్తుంది. పాత దారా, కొత్త దారా అన్నది తేల్చి చెప్పమని పై ఆఫీసు అడిగింది.

"కూర్చోండి" అన్నాడు మేనేజరు. వయసులో చిన్నవాడే గానీ తొందరపడి నిర్ణయం తీసుకునే రకం కాదు. "ప్రయాణికులంతా బైపాసే కావాలంటున్నారు. కాలనీవాళ్లకి ఇబ్బంది అవుతుందేమోనని నా అనుమానం. టికెట్లు చూస్తే అక్కడ ఎవరూ ఎక్కుతున్నట్టు లేదు. మీకు ఆ దారి అరచేయిలా తెలుసు. మీరేమంటే అదే రాస్తాను."

ఈ ఘట్టంలో ఆయనకు అన్యాయం చేయకుండా చెప్పాలి. ఆయన మనసులో నడిచిన వాదం ఇది: స్టాపు ఉంచమంటే అది సొంతవాళ్ల కోసం చెప్పిన మాట అవుతుంది. అక్క ఇంటి కోసం బస్సెడు జనాన్ని ఆ కంపులో తిప్పడం న్యాయమా? సైకిలువాడి కేసులో తోటివాణ్నే కాపాడనివాడు ఇప్పుడు తనవాళ్లను ఎలా కాపాడతాడు? వాదం గట్టిదే. కానీ నిజంగా న్యాయం కోరే మనిషికి తేలికైన దారి ఒకటి ఎదురుగా ఉంది. "సార్, మా అక్క అక్కడే ఉంటుంది, నా మాట తీసుకోకండి, వెళ్లి కాలనీ వాళ్లనే అడగండి" అనవచ్చు. ఆ వాక్యం గొంతు దాకా వచ్చింది. దాన్ని పలికితే ఇన్నేళ్లూ "అద్దాలు!" అని కేక పెట్టింది ఎవరి ఇంటి ముందరో డిపో అంతటికీ తెలిసిపోతుంది. కక్కలేక మింగేశాడు.

"ఎక్కేవాళ్లు లేరు సార్" అన్నాడు.

అందులోనూ అబద్ధం లేదు. ఆ స్టాపును ఖాళీ చేయించింది తన మాటేనన్న సంగతి మెట్లు దిగుతుండగా తట్టింది. కాళ్లు ఆగాయి. వెనక్కి వెళ్లడానికి మాత్రం కదల్లేదు.

బైపాసు మీద మొదటి రోజున కండక్టరు హుషారుగా అన్నాడు: "జడ్జిగారూ, ముక్కులకు విముక్తి!" బస్సులో చప్పట్లు కొట్టారు. కిటికీల్లోంచి పొలాల గాలి వచ్చింది. దూరంగా మిల్లు గొట్టం పొగ మాత్రం కనబడుతూనే ఉంది.

ఆసుపత్రి రోజున బస్సు గేటు దగ్గర ఆగేసరికి, కాలవ గట్టు మీద అక్క కనబడింది. మిల్లులో కాగితం కట్టలు తోసే రెండు చక్రాల బండి మీద బావను కూర్చోబెట్టి తోసుకొస్తోంది. దుప్పటి మడిచి కింద పరిచింది. బండి రాయి ఎక్కినప్పుడల్లా బావ తల ఊగిపోతోంది. ఆయన సీట్లోంచి దిగి వెళ్లి, బావను భుజాన ఆనించుకుని ఎక్కించాడు. చేతికి ఎముకలే తగిలాయి.

"మర్యాదలు బాగానే ఉన్నాయి" అన్నాడు బావ, సీటులో వాలుతూ. "కట్టలు కట్టి తోసేది... కాగితాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ."

"ఎవరండీ వీళ్లు, తెలిసినవాళ్లా?" అని కండక్టరు అడిగాడు.

ఆయన జవాబు చెప్పేలోగా అక్కే, "దయగల మనిషి కదా బాబూ, సాయం చేశారు" అంది.

ఆ సాయంత్రం ఆయన నేరుగా మేనేజరు గదికి వెళ్లి నిలబడ్డాడు. "సార్, నేను మీకు చెప్పింది సగమే" అని మొదలుపెట్టి, క్వార్టర్ల సంగతీ, అక్క సంగతీ, గేటు దగ్గర ఎక్కమన్న సంగతీ దాచకుండా చెప్పాడు. మేనేజరు చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజే చెప్పి ఉంటే నేను స్వయంగా వెళ్లి అడిగేవాణ్ని కదండీ. మీ మాట మీద రాసి పంపేశాను, పైవాళ్లు ఖాయం చేశారు. తిరగదోడాలంటే అక్కడ ఎక్కేవాళ్లున్నారని చూపించమంటారు. బస్సే వెళ్లని స్టాపులో ఎవరెక్కుతారు? అయినా రాస్తాను. ఆశ మాత్రం పెట్టుకోకండి."

ఆ తర్వాతి ఆదివారం అక్కకూ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతోంది. చేతులు ఆగలేదు.

"నువ్వు చెప్పింది అబద్ధం కాదు కదరా. మేం ఎక్కలేదు కదా" అంది. కాసేపటికి, "ఆ బండి మిల్లువాళ్లు తిరిగి ఇచ్చేయమన్నారు" అని చేర్చింది.

అంతకన్నా తిట్టి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది. తన వీపు మీద ఎక్కించుకుని మోస్తానన్నాడు. "ప్రతి వారమూనా? నీ డ్యూటీ ఎవరు చేస్తారు?" అంది ఆమె, ఎత్తిపొడుపు లేకుండానే. బావ కళ్లు మూసుకుని పడుకున్నాడు. ఆ రోజు అతని నోట ఒక్క వెటకారమూ రాలేదు.

తర్వాతి ఆసుపత్రి రోజున బస్సు గేటు దగ్గర ఆగింది. ఎక్కాల్సినవాళ్లు ఎక్కారు. కండక్టరు గంట కొట్టాడు. బస్సు కదల్లేదు. మళ్లీ కొట్టాడు. ఆయన స్టీరింగు మీద చేతులుంచి కాలవ గట్టు వైపే చూస్తున్నాడు.

"ఎవరి కోసమండీ?" అని విసుక్కుంది ముందు సీట్లో ఉన్నామె. "ఆఫీసులున్నాయి మాకు."

"మా అక్క, మా బావ" అన్నాడాయన, బస్సంతా వినబడేలా. "మిల్లు కాలనీ నుంచి రావాలి. ఆసుపత్రికి."

కండక్టరు గంట తాడు వదిలేశాడు. వెనక సీట్లలో గుసగుసలు పుట్టి అణిగాయి. ఒక ముసలాయన, "అయితే ఇంకాసేపు చూడు నాయనా" అన్నాడు. చూశారు. గట్టు మీద మేకలు దాటాయి, ఒక సైకిలు వచ్చింది. నురగ ముద్దలు గాలికి లేచి మళ్లీ నీళ్లలో పడ్డాయి. ఇంకెవరూ రాలేదు. వెనక రెండో బస్సు వచ్చి హారను మోగిస్తుంటే, ఆయన గేరు వేసి, బస్సును నెమ్మదిగా రోడ్డు మీదికి తీశాడు.