చీమలు ముట్టని తీపి

డైట్ కోలా నేల మీద ఒలికితే చీమలు రావు. ఈ సంగతి నాకు ఢిల్లీ జనక్‌పురిలో, మా వంటింటి గచ్చు మీద, ఒక మార్చి నెలాఖరున తెలిసింది. డబ్బా చేయి జారి పడింది. ఉపవాసంలో ఉన్నానేమో, వంగి తుడిచే ఓపిక లేక అలాగే వదిలేశాను. సాయంత్రం చూస్తే మరక ఎండి ఉంది. గ్యాసు గట్టు కింద నుంచి బయల్దేరిన చీమల బారు ఆ మరక దాకా వచ్చి, అంచు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి పక్కకి వెళ్ళిపోయింది. ఒక్క చీమ కూడా లోపలికి అడుగు పెట్టలేదు. నా నోటికి అంత తీయగా ఉన్నదాన్ని అవి తిండి కింద జమకట్టలేదు.  అప్పటికి నేను దాన్ని రోజుకి నాలుగు డబ్బాలు తాగుతున్నాను.

నేను నర్సుని. మాది గుంటూరు జిల్లాలో సముద్రం వైపు. మా ఆయనకి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరం ఢిల్లీ వచ్చాక మాకు ఒక్కతే కూతురు పుట్టింది. అప్పటికి దానికి పదకొండేళ్ళు. మేం తెలుగులో మాట్లాడితే అంతా అర్థం చేసుకుని హిందీలో జవాబిచ్చేది.

ఆ చలికాలం మా హాస్పిటల్లో చీరలు తీసేసి ప్యాంటూ చొక్కా యూనిఫారం పెట్టారు. ఒళ్ళు దాచడంలో చీర ఎంత దయగలదో ఆ రోజు తెలిసొచ్చింది. టైలరు కొలతలు తీసుకుని, ఎందుకైనా మంచిదని మళ్ళీ తీసుకున్నాడు. ఆ రెండోసారే నాకు మండింది. అదే వారం తిలక్ నగర్ బజార్లో సూది తిరిగే బరువు మెషీను కొన్నాను, వెండి రంగు డైట్ కోలా డబ్బాల పెట్టె ఒకటి కొన్నాను. డబ్బా మీద కేలరీల దగ్గర ఒక సున్నా ఉండేది. ఆ సున్నా మీద నాకు కుదిరిన నమ్మకం అప్పట్లో దేవుడి మీద కూడా లేదేమో.

ఆదివారం చర్చికి బయల్దేరే ముందు నేను మెషీను ఎక్కేదాన్ని, నా తర్వాత సరదాకి మా అమ్మాయి ఎక్కేది. నా సూది ఉన్నచోటే ఉండేది. దిగాక ఇంట్లో ఎవరు కనిపిస్తే వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని. ఇడ్లీ గట్టిగా ఉందనీ, బాత్రూం బకెట్ నిండలేదనీ. కొన్ని ఆదివారాలు తలుపేసుకుని ఏడ్చాను కూడా. తలుపు పల్చటిదని, పిల్ల హాల్లోనే ఉందని నాకు తట్టలేదు.

ఇంతలో లెంటు రోజులొచ్చాయి. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఈస్టరు ముందు నలభై రోజులు ఉపవాసం ఉంటాం. సాయంత్రం ఆరు దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టం. మొదటి రోజు ఎవరి ప్రార్థన వాళ్ళు చిన్న చీటీ మీద రాసి, మడిచి, పెట్టెలో వేస్తాం. ఈస్టరు అయ్యాక పాస్టరమ్మగారు ఎవరి చీటీ వాళ్ళకి తిరిగి ఇస్తారు, నెరవేరిందో లేదో చూసుకోమని. నా చీటీలో ఏదో పెద్దగా ప్రపంచశాంతి లాంటిది రాశాను. అసలు సంగతి రాయడానికి సిగ్గేసింది. దేవుడి పేరు చెప్పి పది కిలోలు తగ్గాలన్నది నా పథకం. సున్నా ఉన్నది నీళ్ళతో సమానమే కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకుని డైట్ కోలా తాగుతూ ఉపవాసం చేశాను. పాస్టరుగారిని అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు.

మా అమ్మాయి తనూ ఉంటానంది. చిన్నపిల్లవి, బళ్ళో మధ్యాహ్నం అన్నం డబ్బా ఒక్కటే మానెయ్యి, చాలు అన్నాను. అదీ ఒక చీటీ రాసింది, చేయి అడ్డం పెట్టుకుని. నాకు గర్వంగా అనిపించింది.

మూడో వారం నుంచి ఇంట్లో ఏదో తేడా మొదలైంది. నేను పొద్దున డ్యూటీ ముగించుకుని మూడింటికి ఇంటికొచ్చి, ఆకలికి కళ్ళు తిరిగి మంచం మీద వాలేదాన్ని. నిద్రకీ మెలకువకీ మధ్యన ఉండగా వంటింట్లో డబ్బా మూత తెరిచిన చప్పుడు వినిపించేది. సన్నగా, ఎవరో పళ్ళ సందు నుంచి గాలి వదిలినట్టు. లేచి వెళ్ళి చూస్తే వంటిల్లు ఖాళీ. ఫ్రిజ్ మూసే ఉండేది. అమ్మాయి తన గదిలో పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేది. నువ్వేమైనా తెరిచావా అంటే తల అడ్డంగా ఊపేది. లెక్క చూస్తే డబ్బాలు తగ్గేవి. పొద్దున ఎనిమిది ఉంటే సాయంత్రానికి మూడు. నేను రెండే తాగానని గుర్తు. ఖాళీ డబ్బాలు చెత్తబుట్టలో ఉండేవి కావు.

ఎండ ముదరక ముందే కూలరులో గడ్డి మార్చాలని మా ఆయన ఒక శనివారం బాల్కనీలోకి వెళ్ళారు. కాసేపటికి నన్ను పిలిచారు. కూలరు పక్క తలుపు తీసి ఉంది. లోపల, చలికాలమంతా ఎండిపోయిన తొట్టెలో, నొక్కేసిన డబ్బాలు. ముప్పై దాకా ఉంటాయి. ఒకదాని పక్కన ఒకటి సర్ది ఉన్నాయి, ఎవరో వరసలు కట్టి పడుకోబెట్టినట్టు. ఆయన నా వంక అదోలా చూశారు. కోపంగా కాదు, జాలిగా.

"ఆకలికి మగతలో నువ్వే తాగుతున్నావేమో. నీకు తెలియడం లేదేమో," అన్నారు.

నేను పెద్దగా పోట్లాడాను. కానీ లోపల భయం పట్టుకుంది, ఎందుకంటే అది నిజం కాదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. పడుకునే ముందు చున్నీతో చేతిని మంచం కోడుకి వదులుగా కట్టుకున్న మధ్యాహ్నాలు కూడా ఉన్నాయి. లేస్తే కట్టు కట్టినట్టే ఉండేది, చప్పుడు వినిపించేది, డబ్బా తగ్గేది. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసేది. 

అన్నిటికంటే వింత మెషీను దగ్గర జరిగింది. నేను నలభై రోజుల దీక్షలో ఉన్నాను, నా సూది ఒక గీత కదల్లేదు. ఒక్కపూట అన్నం మానేసిన పిల్లకి వారం వారం తగ్గుతోంది. నేను దించుకుందామనుకున్న బరువు ఎవరో లెక్క తప్పి దాని ఒంట్లోంచి తీసుకుంటున్నట్టు అనిపించింది. ఆ మాట ఒకసారి నవ్వుతూ పైకే అన్నాను. ఎవరూ నవ్వలేదు. చర్చిలో ఆంటీలు మాత్రం దాని బుగ్గలు పట్టుకుని, చూడండి, పిల్ల ప్రభువు కోసం ఎలా చిక్కిపోయిందో, మనకేం రోగం అని మెచ్చుకున్నారు. నాకు అసూయ కలిగింది. కన్నదాన్నే, అయినా కలిగింది.

అప్పుడే బాత్రూంలో చీమలు మొదలయ్యాయి. వంటింట్లో మరకని తప్పించుకుని పోయిన చీమలే గోడ మీదుగా బారు కట్టి టాయిలెట్ అంచు చుట్టూ మూగాయి. చీమల చాక్‌పీసుతో గీత గీశాను. మర్నాడు గీతకి ఇటువైపు ఉన్నాయి. నీళ్ళు కొట్టాను, ఫినాయిల్ పోశాను. వెళ్ళిపోయి మళ్ళీ వచ్చాయి. మా ఊళ్ళో ముసలాళ్ళు మూత్రానికి చీమలు పడితే షుగరని చెప్పేవారు. నేను నర్సింగు పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ మాట చెప్పి నవ్విస్తాను. వెంటనే హాస్పిటల్లో రక్తం ఇచ్చాను, ఏమీ లేదన్నారు. మా ఆయన్ని లాక్కెళ్ళి ఆయనకీ చేయించాను. ఆయనకీ లేదు. ఇంకేం, ఇంటి కింద పుట్ట ఉందేమో అనుకుని ఊరుకున్నాను.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఇద్దరికే పరీక్ష చేయించాను.

మంచి శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా మా దగ్గర ఆరాధన. శిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఆ ఏడు నాకు ఐదో మాట ఇచ్చారు. "నేను దప్పిగొనుచున్నాను" అన్న దాహం మాట. సిస్టరు నర్సు కదా, ఒంటికి దాహం ఏం చేస్తుందో చెబితే అందరికీ గుండెకి తగులుతుందని పాస్టరుగారు అన్నారు. నేను వారం పాటు నోట్సు రాసుకున్నాను. ఆ రోజు పొద్దున తల దువ్వుతుంటే అమ్మాయి నోటి దగ్గర నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన వేసింది. ఉపవాస దినాల్లో గోళ్ళ రంగేమిటే అని ఒకటి అంటించాను. అది చేతులు చాపి చూపించింది. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అప్పుడే తుడిచేసుకుందనుకున్నాను.

అద్దెకి తీసుకున్న బడి హాలు అది. ఫ్యాన్లు గరగరలాడుతున్నాయి. మూడో వరసలో మా ఆయన పక్కన అమ్మాయి కూర్చుంది. నా వంతు వచ్చి లేచేసరికే అది రెండుసార్లు బయటికి వెళ్ళొచ్చింది. నేను మైకు ముందు నిలబడి, డ్యూటీలో ట్రైనీలకి చెప్పినట్టే మొదలుపెట్టాను. ఒంట్లో నీరు పోతే ముందు పెదవులు పగులుతాయన్నాను. కాగితం మీంచి తలెత్తితే ఎదురుగా మూడో వరసలో పగిలిన పెదవులు కనిపించాయి. తర్వాత కళ్ళు లోపలికి పోతాయన్నాను. ఆ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఎంత తాగినా దాహం తీరదన్నాను. అది ఒళ్ళోని సంచీలోంచి వెండి డబ్బా తీసి, మూత తెరిచింది. ఆ చప్పుడు హాలంతా వినిపించింది. నెలరోజులుగా నేను మంచం మీద విన్న చప్పుడు అదే.

తర్వాతి వాక్యం నా కాగితం మీద ఉంది, ఊపిరి బరువుగా, లోతుగా మారుతుందని. నేను చదవలేదు. దాని భుజాలు పైకీ కిందికీ లేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. నేను ఒక్కొక్క మాటా చదువుతుంటే, చదివినట్టల్లా ఆ పిల్ల మీదకి ఒక్కొక్కటీ వచ్చి వాలుతున్నట్టు అనిపించింది. ఇక్కడ ఆపేస్తే అక్కడా ఆగిపోతుందేమోనన్న పిచ్చి ఆశ కలిగింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న నర్సుని, నిలబడి ఆశపడ్డాను. నా మెదడులో చీమలు, డబ్బాలు, సూది, ఆ వాసన అన్నీ ఒకదాని వెనక ఒకటి బారు కట్టాయి. మైకు వదిలేసి పరిగెత్తాను.

ఆటోలో అది నా ఒళ్ళో తల పెట్టుకుని, "మమ్మీ, ప్యాస్ బుఝ్‌తీ హీ నహీ," అంది. దాహం తీరడమే లేదని. డబ్బాలు దాచానని చెప్పి సారీ అంది. నీళ్ళు చాలడం లేదట, ఉపవాసంలో నేను తాగేదే తాగితే తప్పు కాదనుకుందట.

హాస్పిటల్లో వేలు గుచ్చి రక్తం పెడితే మెషీను అంకె చూపించలేదు. తన లెక్కకి మించిపోయిందని మాత్రం చూపించింది. సెలైన్ పెట్టారు, ఇన్సులిన్ పెట్టారు. చిన్నపిల్లలకొచ్చే షుగరు, నోటి దగ్గర ఆ వాసన కూడా దానిదే, ఇంకొక్క పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరమ్మ అంది. నేను రోజూ తిరిగే ఐ.సి.యు. బయటే బెంచీ మీద కూర్చున్నాను. సూది గుచ్చేటప్పుడు నన్ను లోపలికి రానిచ్చారు. అది కళ్ళు తెరిచి నా వంక చూసి గొణిగింది.

"మేరా ఫాస్ట్ టూట్ గయా?"

తన ఉపవాసం తప్పిపోయిందా అని అడుగుతోంది. లేదమ్మా అన్నాను. 

ఈస్టరు నాటికి గండం గడిచింది. ఇంటికొచ్చిన వారానికి పాస్టరమ్మగారు పళ్ళు పట్టుకుని చూడ్డానికి వచ్చారు. వెళ్తూ వెళ్తూ చీటీలు నా చేతిలో పెట్టారు. నాది చింపేశాను. దానిది విప్పాను. హిందీలో, గుండ్రటి అక్షరాలతో ఒక్కటే వాక్యం. మమ్మీ పతలీ, అంటే సన్నగా, అయిపోవాలి, మళ్ళీ ఏడవకూడదు.

ఆ చీటీ పట్టుకుని నేను ఎందుకు మెషీను దగ్గరికి వెళ్ళానో ఇప్పటికీ తెలియదు. హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ, ఇంటికొచ్చాకా ముద్ద దిగలేదు. ఎక్కి నిలబడ్డాను. నలభై రోజులు కదలని సూది కదిలింది. ఆరు కిలోలు తగ్గాను. పిల్ల అడిగింది అడిగినట్టు, ఎవరో విని, తమ పద్ధతిలో ఇచ్చారు.  ఆ క్షణంలో దేవుడంటే నాకు భయమేసింది, ప్రేమ కాదు.

గుమ్మంలో అలికిడైంది. అది గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"కిత్నా హువా, మమ్మీ?"

ఎంతకి వచ్చిందని అడుగుతోంది. తగ్గిందని చెబితే ఈ బేరం దానికి తెలిసిపోతుంది. తన ఒళ్ళిస్తే నాది తగ్గుతుందని జీవితాంతం నమ్ముతుంది. గబుక్కున దిగి మెషీనుకి అడ్డంగా నిలబడి, "ఏమీ తగ్గలేదమ్మా, అంతే ఉంది," అన్నాను.

 దాని మొహంలో నిరాశ లేదు, పంతం ఉంది. అచ్చం నాదే.

"ఠీక్ హై," అంది. "అగలే సాల్ ఫిర్ రఖూంగీ."

వచ్చే ఏడు మళ్ళీ ఉపవాసం ఉంటుందట.

మెషీను ఆ సాయంత్రమే పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశాను. డబ్బాలు మాత్రం ఫ్రిజ్‌లో ఉండిపోయాయి, పిల్ల ఎప్పుడైనా తాగాలనుకుంటే కూల్ డ్రింకుల్లో అది ఒక్కటే పరవాలేదని డైటు చెప్పేవిడ అంది. ఆ మూత చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. మరుసటి లెంటు రాకముందే నేను ఒక అలవాటు చేసుకున్నాను. సన్నబడాలన్న కోరిక నాకిక లేదని అది నమ్మేలా, దాని ఎదురుగా కూర్చుని, కంచం నిండా అన్నం పెట్టుకుని, మారు వడ్డించుకుని, నవ్వుతూ తింటాను. ఆకలి లేని రోజు కూడా తింటాను. అది నా కంచం ఖాళీ అయ్యేదాకా చూసి, అప్పుడు తన ఇన్సులిన్ తీసుకుంటుంది.