ఏడ్చినవాళ్లకు అందని కబురు

కాకి తల మీద తన్నితే చావు దగ్గరపడినట్టని మావైపు నమ్మకం. దానికి విరుగుడూ ఉంది. ఆ మనిషి పోయిందని అయినవాళ్లకు ఉత్త కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఆ వెంటనే బతికే ఉందని చెప్పాలి. ఏడ్చినవాళ్లు నవ్వితేనే దోషం పోతుంది.

అరవైల మొదట్లో, పెనుకొండలో మా అవ్వను కాకి తన్నింది. అప్పటికి మా అంగడి చూసుకునేది నేనే. ధర్మవరంలో ఉన్న మేనత్తకు మనిషి చేత చావు కబురు పంపి, వెనకే నేను బస్సెక్కాను. గుండెలు బాదుకుంటున్న అత్త నన్ను చూసి, సంగతి విని నవ్వింది. మామ మాత్రం ఊరుకోలేదు.

"చావు కబురుకు మనిషిని పంపినోడివి, బతికిన కబురుకు నువ్వే వచ్చినావే. అన్నం వేళ చూసుకునే వచ్చినావా?"

ఆ మాట నేను మరిచిపోలేదు.

అంతటితో అయిపోవలసిందే. కానీ అత్త ఏడుపు పక్కింటి క్రైస్తవ టీచరమ్మ వింది. నవ్వు వినలేదు. ఆ కుటుంబం కోసం ప్రార్థన చేయమని రేడియోకు జాబు రాసింది. సముద్రం అవతలి క్రైస్తవ స్టేషను ఒకటి వారానికొక సాయంత్రం తెలుగులో పాటలు, ప్రార్థనలు వినిపించేది. దేవుడెవరైతేనేం, పాట బాగుందని అవ్వ కూడా మా అంగట్లో కూర్చుని వినేది.

కొన్ని నెలల తరువాత, దీపాలు పెట్టే వేళ రేడియోలో ప్రార్థన చేయించే గొంతు పెనుకొండ పేరెత్తింది. ధర్మవరం సోదరి తల్లి కన్నుమూసిందని, వింటున్నవారంతా ఆ ఇంటికోసం కన్నీటితో ప్రార్థించాలని చెప్పి ఆగిపోయింది. రేడియో గరగరలో ఎక్కడెక్కడో చాలామంది ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది. అవ్వ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"యాడాడ ఏడుస్తాండారో," అంది. నావైపు తిరిగింది. "వాళ్లందరికీ చెప్పల్ల నాయనా. లేకుంటే నేను పోయినట్టే."

టీచరమ్మను నిలదీస్తే మంచికే చేశానంది. తప్పయిందని ఒక్కమాట అనలేదు. స్టేషనుకు నేనే జాబు మీద జాబు రాశాను. ఈలోగా ఆ స్టేషను చేతులు మారింది. కొత్త యజమానులు పాత టేపులే మళ్లీ వేశారు. అవ్వ రెండోసారి పోయింది.

ఆ తరువాత మా ఊళ్లో స్టేషను పలకడం మానేసింది. మిద్దె మీద ఏరియల్ తీగ ఎటు తిప్పి కట్టినా, ఎవరో దూరం నుంచి ఈల వేస్తున్నట్టు మోత తప్ప ఏమీ లేదు. హిందూపురంలో ఇంకా వినిపిస్తోందంటే, అక్కడ తెలిసినవాళ్లింటికి వెళ్లాను. నాది పెనుకొండ అనగానే ఆ ఇంటావిడ, మీ ఊరి ముసలామె కోసం తానూ ఏడ్చానంది. ఆమె మా అవ్వేనని, బతికే ఉందని చెప్పాను. ఇంటావిడ నవ్వలేదు. పిల్లలను లోపలికి పిలుచుకుని తలుపు దగ్గరగా వేసింది.

చాన్నాళ్లకు స్టేషను కొత్త యజమానులు జవాబిచ్చారు, సవరణ చదివేశామని. ఎప్పుడు? ప్రసారాన్ని ఇంకో దేశం వైపు తిప్పుకున్న తరువాత. చావు విన్నవాళ్లకు సవరణ అందలేదు. సవరణ విన్నవాళ్లకు ఆమె ఎవరో తెలియదు. ఇదేం న్యాయమని మళ్లీ రాశాను. జవాబు లేదు.

అవ్వ మాత్రం అంగడికి వచ్చే ప్రతి పొరుగూరివాడికీ, రేడియోలో చెప్పింది అబద్ధమని, తానే ఆ మనిషినని చెబుతూ వచ్చింది. కొందరు సరేనన్నారు. కొందరు చిల్లర తీసుకోకుండానే వెళ్లిపోయారు.

ఒక సాయంత్రం ముదిగుబ్బ నుంచి గొర్రెల వ్యాపారి ఒకడు ఉప్పు కోసం వచ్చాడు. రేడియోలో విన్నానంటూ, పెద్దామె దినాలు బాగా జరిగినాయా అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోగా, తూకం వేస్తున్న అవ్వ తలెత్తకుండానే జవాబిచ్చింది.

"బాగా జరిగినాయప్పా."

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరు 'అవ్వా' అని పిలిచినా, ఎవరిని పిలుస్తున్నారోనన్నట్టు చుట్టూ చూసేది.