అప్పలనాయుడి పన్నెండు మంది భార్యలు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నేను ఒక మనిషిని చంపిన కథ. కత్తితో కాదు, సుద్దముక్కతో. అదీ పట్టపగలు, నర్సీపట్నంలో, పన్నెండు మంది సాక్షుల ఎదుట.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. లా పట్టా చేతికొచ్చి ఏడాది కాలేదు గానీ, రాజ్యాంగం నేనే రాసినంత ధీమా. ఒక చిన్న సంస్థలో ఉద్యోగం. పింఛను రానివాళ్లకు, వచ్చి ఆగిపోయినవాళ్లకు అర్జీలు రాసిపెట్టి, ఆఫీసువాళ్లు కాదంటే పైకి అప్పీలు చేయించే సలహాదారులను తయారుచేయడం నా పని. గొలుగొండ, రావికమతం వైపు ఊళ్ల నుంచి పన్నెండు మంది ఆడవాళ్లు వచ్చారు. ఊళ్లో ఒక హాల్లో మూడు రోజుల శిక్షణ. ఆ తర్వాత సోమవారం నాడు ఒక్కొక్కరూ తమ ఊరి మనిషి తరఫున ఒక నిజమైన అర్జీ పట్టుకుని పింఛను ఆఫీసుకు వెళ్లాలి.

మూడో రోజు బోర్డు మీద నమూనా ఉత్తరం మొదలుపెట్టాను. భర్త పోయినావిడ పింఛను కోసం రాసుకునే ఉత్తరం. అన్నీ కుదిరాయి, పోయినాయన పేరు దగ్గర ఆగిపోయాను. అప్పుడే హాలు వాచ్‌మన్ అప్పలనాయుడుగారు టీ గ్లాసులతో లోపలికొచ్చారు.

"పేరు కోసరమా అమ్మా? నా పేరు రాసీండి. రాసినంత మాత్రాన సచ్చిపోతానేటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే 'కీర్తిశేషులు అప్పలనాయుడు' అని రాశాను. ఆయన ఉత్సాహంగా ఆధార్ నంబరు కూడా గడగడా అప్పజెప్పేస్తే, దాన్నీ బోర్డెక్కించాను. ఇంకొకరి నంబరెందుకని కింద నా ఫోన్ నంబరు రాశాను. చేతులు దులుపుకుని, బల్ల మీద డస్టరుతో ఒక్కటి కొట్టి అన్నాను:

"ఈ మాటలన్నీ రూలు ప్రకారం ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా మార్చొద్దు!"

మూడు రోజులుగా నోరు విప్పని నూకరత్నం అనే ఆవిడ వెనక బెంచీలోంచి భయంభయంగా చెయ్యెత్తింది.

"ఒక్కచ్చరం కూడానా మేడం?"

"ఒక్క అక్షరం కూడా!"

చూశారా, ఆవిడ నన్ను కాపాడ్డానికి ప్రయత్నించింది. నేనే కాపాడనివ్వలేదు.

సోమవారం పదకొండింటికి ఫోన్ మోగింది. అవతల ఆఫీసు గుమాస్తా.

"అప్పలనాయుడుగారి భార్యేనాండి మాట్లాడేది?"

"కాదండీ, నాకింకా పెళ్లి కాలేదు."

"హమ్మయ్య. ఇప్పటికే పన్నెండు మంది ఉన్నారు."

"ఏమిటండీ?"

"ఆయన పోయారని పన్నెండు మంది భార్యలు అర్జీలిచ్చారు. అందరిదీ ఇదే ఫోన్ నంబరు. అందులో ఒకావిడకి మీసాలున్నాయి. కాలు విరిగిందని వచ్చి, తన మొగుడు పోయాడని వేలిముద్ర ఏశాడు."

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క ఉత్తరం రాసి పన్నెండు పెళ్లిళ్లు చేశాను. నాకు నవ్వొచ్చింది. గుమాస్తాకు రాలేదు.

"నవ్వకండి. ఆయనకి ముసలాళ్ల పింఛనొస్తంది. రేపు ఒకటో తారీఖు. పోయాడని ఇంతమంది రాసిచ్చాక రేపెలా ఇస్తాం? ఆపమని సార్ రాస్తన్నారు. ఈ పన్నెండూ దొంగ అర్జీలని పైకి పంపుతారంట."

నా నవ్వు ఆగిపోయింది. ఆ పన్నెండు అర్జీదారుల్లో ఏడాదిగా ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగిపోయినవాళ్లున్నారు. ఇప్పుడు వాళ్ల నెత్తిన దొంగలన్న ముద్ర. నా చేతి రాతతో!

ఆటో పట్టుకుని హాలు దగ్గరికి ఉరికాను. కీర్తిశేషులు గ్లాసులు కడుక్కుంటున్నారు.

"అప్పలనాయుడుగారూ, బేగి ఎక్కండి!"

"ఎక్కడికమ్మా?"

"మీరు బతికే ఉన్నారని చెప్పాలి!"

"ఎవులికి?"

"గవర్నమెంటుకి!"

"అలాగైతే సొక్కా ఏసుకోనీండి," అని తీరిగ్గా బొత్తాలన్నీ పెట్టుకుని ఎక్కారు. దారిలో జరిగిందంతా చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. "మా యావిడి సుగరు మందులు ఆ పింఛనుతోనే అమ్మా," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఫీసులో మా పన్నెండు మంది, వాళ్లు తీసుకొచ్చినవాళ్లు గోడకానుకుని నిలబడ్డారు. పరీక్ష తప్పిన పిల్లల్లా ఉన్నారు. వాళ్లను తప్పించినది టీచరే.

"సార్, తప్పు నాది. ఇదిగో, మనిషి బతికే ఉన్నాడు," అన్నాను ఆఫీసరుగారితో.

"ఈయనే ఆయనని నమ్మకమేంటమ్మా? మిషను మీద వేలు పెట్టమనండి."

వాచ్‌మన్ కాకముందు ముప్పై ఏళ్లు జీడిపిక్కలు ఒలిచిన వేళ్లవి. జీడి నూనె గీతలన్నీ తినేసింది. బొటనవేలు పెడితే ఎర్రలైటు. చూపుడువేలు పెడితే ఎర్రలైటు. పదో వేలిని కూడా మిషను ఎర్రగానే చూసింది. నెలనెలా పింఛను ఫోన్లో ముఖం చూపించి తీసుకుంటున్నారట. ఆ ముఖం చూసే యాప్‌కి ఆ పూట సర్వర్ లేదు.

"మిషను ఒప్పుకోవట్లేదు," అంటూ ఆఫీసరుగారు పెన్ను తెరిచారు.

నా లా చదువంతా ఎటు పోయిందో తెలియదు. అప్పలనాయుడుగారు, ద్రోహం చేసినవాళ్లను చూసినట్టు, తన వేళ్లకేసి చూసుకుంటూ నిలబడ్డారు.

అప్పుడు నూకరత్నం గోడను వదిలి ముందుకొచ్చింది. ఈసారి చెయ్యెత్తలేదు.

"సార్, ఆపితే ఆపీండి. కారణం కాయితమ్మీద రాసిచ్చి సంతకం ఎట్టండి."

"ఏమని రాయాలమ్మా?"

"అప్పలనాయుడు సచ్చిపోనాడు, నా ముందర నిలబడున్నాడు అని. మేం అప్పీలుకెల్తాం."

ఆఫీసరుగారు ఆవిడ వైపు, శవం వైపు, తన పెన్ను వైపు చూశారు. ముందు మూతి వణికింది, తర్వాత భుజాలు కదిలాయి. కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు.

"నేను సంతకం పెట్టనమ్మా, నా ఉద్యోగం పోతుంది. ఆయన పింఛనూ ఆపను. ఈ పన్నెండూ వెనక్కి తీసుకోండి. అయిదింటిలోగా ఎవరి మొగుడి పేరు వాళ్లు రాసుకురండి!"

వరండాలో కూర్చుని రాశాం. ఈసారి నేను బోర్డు జోలికి పోలేదు, కాగితాలందించాను. అయిదుకు పది నిమిషాల ముందు పన్నెండో అర్జీ లోపలికెళ్లింది. తర్వాత వాటిలో తొమ్మిదింటికి పింఛను వచ్చింది. మిగతా మూడూ నూకరత్నం అప్పీలుకు తీసుకెళ్లింది, నన్ను పిలవకుండానే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అప్పలనాయుడుగారి ముఖం చూసే ధైర్యం లేదు. ఆయనే మాట కదిపారు.

"అమ్మా, ఆ ఉత్తరం ఒకటి నాకిస్తారేటి?"

"ఏ ఉత్తరమండీ?"

"నాను పోయినాననీ రాసినారు కదా, అది. మా యావిడికి సదువు లేదు. రేపొద్దున్న నాకేటైనా అయితే ఎవుల్ని బతిమాలుకుంతాది? దాసుకుంతాను. పన్నెండున్నాయి కదా, మంచి రాత సూసి ఒకటియ్యండి. పేరు కూడా మార్సక్కర్లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆటో డ్రైవరు అద్దంలో చూసి బండి నెమ్మది చేశాడు. మంచి రాత ఏరి, ఆవిడ నన్నే పిలవొచ్చని కింద నా ఫోన్ నంబరు అలాగే ఉంచి ఇచ్చాను.

కాబట్టి పాఠకమహాశయులారా, మీ అందరి ఎదుట కుడిచెయ్యి సుద్దముక్క మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో నమూనా ఉత్తరం కోసం బతికున్న మనిషిని చంపను. ఎవరో ఒకరు పోకపోతే ఉత్తరం ముందుకు నడవదంటే, నేనే పోతాను. ఇప్పుడు నాకూ పెళ్లయింది, అదీ ఒక్కటే; చిక్కేమీ రాదు.