మాట్లాడకుండా ఐదు నిమిషాలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. చేతిలో అట్ట, అట్టకు బిగించిన కాగితాలు, జేబులో రెండు పెన్నులు ఉన్న మనిషి అబద్ధం రాయడని. ఆ మనిషి నేనే కావడం వల్ల నమ్మకం ఇంకాస్త బలంగా ఉండేది. ఇప్పుడు నలభై ఏడేళ్ల వయసులో, రాజమండ్రిలో రెండు గదుల ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని, ఆ కాగితాల్లోని ఒకే ఒక గడి గురించి రాస్తున్నాను. ఈ కథ మా చుట్టాలందరికీ తెలుసు. పెళ్లిళ్లలో భోజనాలయ్యాక "ఆ నోరు మూయని పిన్నిగారి కథ చెప్పవా" అని అడిగి మరీ చెప్పించుకుంటారు. ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతారు. కాకపోతే నేను చెప్పే కథలో ఒక ముక్క దాచాను, ఒక ముక్క మార్చాను. ఆ రెండూ ఇక్కడ సరిచేస్తాను. నవ్వు తగ్గితే క్షమించాలి.

డిగ్రీ అయ్యాక కాకినాడలో రెండేళ్లు ఉద్యోగం కోసం తిరిగి, చివరికి ఒక వైద్య పరిశోధనలో చేరాను. చేరానంటే డాక్టర్లు చేసే పరిశోధనకు కాళ్లు అరువిచ్చానని అర్థం. బీపీ ఉన్నవాళ్లను కొంతమందిని ఎంచుకుని, నెలకోసారి వాళ్ల ఇంటికి వెళ్లి, బీపీ కొలిచి, ప్రశ్నలడిగి, ఏడాది పొడుగునా వాళ్లకు ఏమవుతోందో రాసుకోవాలి. మందు మేం ఇవ్వకూడదు. వాళ్ల డాక్టరు ఏమిస్తే అది. మాకు శిక్షణ ఇచ్చిన పెద్దసారు మొదటి రోజే బల్ల గుద్ది చెప్పారు: "చూడండి. రాయండి. అంతే. సలహాలివ్వకండి, దేన్నీ మార్చకండి. పేషెంటు ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకండి. మీరక్కడ ఉన్నట్టే ఉండకూడదు." గోదావరి జిల్లాల్లో ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్లు తాగకుండా, ఉన్నట్టే లేకుండా ఎలా ఉంటాడో మాత్రం ఆయన చెప్పలేదు. (ఆయనది ఈ ప్రాంతం కాదు.)

ఆ సంగతి మొదటి వారంలోనే తెలిసింది. భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువుల రాజుగారు నా మాటలన్నీ ఓపిగ్గా విని, కుర్చీలో వెనక్కి వాలి అడిగారు. "మందివ్వరా?"

"ఇవ్వమండి."

"సూది?"

"వెయ్యమండి. చూసి రాసుకుంటామంతే."

"నెల నెలా వచ్చా?"

"అవునండి."

"పెళ్లిచూపులోళ్లే నయం కదండీ! వాళ్లు ఒక్కసారే చూసిపోతారు. మా రొయ్యల్ని మేమూ రోజూ చూస్తామండి. కానీ మేత వేసి చూస్తాం." ఆయన అలా అంటూనే చెయ్యి చాచి బీపీ మెషీను పట్టీ కట్టించుకున్నారు. నేను భోజనం చేస్తే గానీ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టనన్నారు. పెద్దసారు సూత్రం అక్కడే, రొయ్యల వేపుడు ముందు, మొదటిసారి నేల మీద పడింది.

నాకు కాపురం నరసాపురంలో. స్టేషనుకు దగ్గర్లో ఒక మేడ మీద గది. రైలు కూడా ఇక ముందుకు పోయే దారి లేక ఆగిపోయే ఊరు అది. ఆ గదిలో నాకూ అలాగే అనిపించేది. మెస్సులో అన్నం పెట్టే ఆయన "సాంబారా, మజ్జిగా?" అనేవాడు. రోజు మొత్తంలో నన్ను ఎవరైనా అడిగే ప్రశ్న అదొక్కటే. నేను మాత్రం రోజుకు పదిమందిని అడిగేవాణ్ణి: నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, దిగులుగా ఉంటోందా, గుండెదడ ఉందా. అన్నిటికీ గడులున్నాయి. సాయంత్రం గదికొచ్చి ఆ ప్రశ్నలు నన్ను నేనే వేసుకుని, ఖాళీ ఫారం మీద పెన్సిలుతో నింపి, చెరిపేసిన రోజులున్నాయి. (ఇది పెళ్లిళ్లలో చెప్పలేదు.)

పిన్నిగారి ఇల్లు గోదావరి రేవు దాటి అవతలి ఒడ్డున. ఆవిడ నాకు పిన్ని కాదు. యాభై అయిదేళ్లావిడను మరెలా పిలవాలో తెలియక పిన్నిగారూ అన్నాను, ఆవిడ అదే నిజం చేసేసింది. భర్త పంటు మీద పనిచేసి, మనుషుల్ని, మోటారు సైకిళ్లని, ఎడ్లబళ్లని ఒడ్డు నుంచి ఒడ్డుకు చేర్చి చేర్చి, అప్పటికి నాలుగేళ్ల క్రితం పోయాడు. పిల్లల్లేరు. ఆవిడ లేసు అల్లేది. అరుగు మీద కూర్చుని, తెల్లదారం చిన్న కొక్కెంతో లాగుతూ, వేల ముళ్లు ఒక్కటి తప్పకుండా లెక్కపెట్టుకునేది. ఆ లెక్కే ఆవిడ నోరు కట్టేసేదనుకుంటాను. నేను వెళ్లే రోజు కొక్కెం పక్కన పెట్టేసేది. ఇక చూడాలి.

"రా బాబూ, రా. ఇవాళొస్తావని పొద్దున్నే అనుకున్నాను. ఆ పక్కింటావిడ కోడిపెట్ట ఏం చేసిందో తెలుసా? మా లేసు బుట్టలో గుడ్డెట్టింది. గుడ్డు నాదంటాను, పెట్ట నాదంటాది ఆవిడ. కూర్చో, కాఫీ తాగు. చెయ్యి చాపనా? అదిగో, చాపాను. ఇంతకీ ఆ గుడ్డు..."

ఫారంలో బీపీ కొలిచే గడికి ముందు ఇంకో గడి ఉండేది. 'కొలిచే ముందు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నారా?' శిక్షణలో దాని మీద ఒక పూట చెప్పారు. మాట్లాడుతుంటే, వేడి కాఫీ తాగుతుంటే, అంకె ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. అందరి ఇళ్లలో ఆ నియమం పాటించాను, రాజుగారితో సహా. మొదటి నెల పిన్నిగారితోనూ మొదలుపెట్టాను. "పిన్నిగారూ, ఒక్క ఐదు నిమిషాలు..." అన్నాను. "ఐదు నిమిషాలేంటి బాబూ, గంట కూర్చో, ఎవరొద్దన్నారు?" అంది. మళ్లీ చెప్పొచ్చు. చెప్పలేదు. కోడిపెట్ట కథ నడుస్తుండగా మెషీను మీట నొక్కాను. పట్టీ ఉబ్బుతోంది, ఆవిడ చెబుతోంది, నేను ఊ కొడుతున్నాను. అంకె పెద్దదొచ్చింది. గడిలో 'అవును' అని టిక్కు పెట్టాను.

పెళ్లిళ్లలో నేను చెప్పే కథలో ఆవిడ ఆపితే ఆగదు. ఎన్ని రకాలుగా బతిమాలానో నటించి చూపిస్తాను, అందరూ పొట్ట పట్టుకుంటారు. నేను దాచిన ముక్క ఇదే: ఆ మొదటి రోజు తర్వాత ఒక్కసారీ ఆపి చూడలేదు. ఆవిడ ఆగితే వినడానికి నాకేమీ ఉండదు. నెలంతటిలో నా పేరు అడిగి, భోంచేశావా అని అడిగి, చొక్కా గుండీ ఊడితే తిట్టి కుట్టిన మనిషి ఆవిడొక్కతే. ఐదు నిమిషాలు కూడా వదులుకోవాలనిపించేది కాదు. మనస్సాక్షి అడ్డొస్తే పెద్దసారు మాట గుర్తు చేసుకునేవాణ్ణి: దేన్నీ మార్చకూడదు. మాట్లాడే మనిషిని ఆపడం మార్చడమే కదా! ఇరవై మూడేళ్ల వయసులో తర్కం అంత శుభ్రంగా ఉంటుంది.

ఇబ్బందేమిటంటే, నేను కొలిచిన అంకె నా ఫారంలోనే ఆగేది కాదు. ప్రతి పేషెంటుకూ ఒక గులాబీరంగు కార్డు ఉండేది. అందులోనూ రాసిస్తే, వాళ్లు తమ డాక్టరుకు చూపించుకునేవారు. పిన్నిగారు బుద్ధిగా నరసాపురం వెళ్లి చూపించేది. అంకెలు చూసి ఆ డాక్టరుగారు మాత్ర పెంచారు. తర్వాతి నెల పక్కింటావిడతో గొడవ ఊరి సర్పంచి దాకా వెళ్లింది, అంకె ఇంకా పైకి పోయింది, ఆయన రెండో మాత్ర కలిపారు. ఐదో నెలలో "లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి బాబూ" అంది, నవ్వుతూనే. ఫారంలో దానికీ ఒక గడి ఉంది. 'కళ్లు తిరగడం: అవును.' చక్కటి దస్తూరీతో రాశాను. చూడటం, రాయడం అయిపోయాయి. ఆవిడ పెట్టిన పెసరట్టు తిని రేవుకు బయల్దేరాను.

ఆరో నెల నేను పంటు దిగి వెళ్లేసరికి పిన్నిగారు మెట్టు మీద కూర్చుని ఉంది. కుడి మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. ముఖం పాలిపోయి ఉంది. "పంటు కూత వినబడితే నువ్వొచ్చావని గబుక్కున లేచాను బాబూ. ఈ మెట్టేమైందో మరి, కాలికి తగల్లేదు" అంది. ఆ పంటు మీదే తిరిగి ఇవతలి ఒడ్డుకు తీసుకొచ్చాను. దారంతా ఆవిడ ఆ చెయ్యి వంక చూసుకుంటూ కూర్చుంది. లేసు అల్లే చెయ్యి అది.

మణికట్టు విరిగిందన్నారు. కట్టు కట్టాక డాక్టరుగారు బీపీ చూసి ఉలిక్కిపడ్డారు. "ఇంత తక్కువేంటమ్మా? మాత్రలు ఎలా వేసుకుంటున్నావు?" అని గద్దించి, నావైపు తిరిగారు. "మీరేగా నెల నెలా చూసేది? కార్డులో ఇంతింత రాశారు, ఇక్కడ ఇలా ఉందేంటి?"

అక్కడ చెప్పాల్సింది ఒక్క వాక్యం. నేను చెప్పింది ఇంకొకటి. "రెండు పూటలవీ కలిపి ఒకేసారి వేసేసుకుని ఉంటారండి. పెద్దావిడ కదండీ."

పిన్నిగారు నా ముఖంలోకి చూసింది. వేల ముళ్లు లెక్క తప్పని మనిషి. "అంతేనేమోనండి. మతిమరుపు నాకు" అంది. ఆయన ఆవిణ్ణి చదువుకోనివాళ్లను తిట్టే పద్ధతిలో తిట్టి, ఇకనుంచి సరిగ్గా వేసుకోమని, అవే మాత్రలు, అంతే మోతాదు మళ్లీ రాశారు. నేను కథలో మార్చిన ముక్క ఇది. ఇరవై ఏళ్లకు పైగా మా చుట్టాలంతా ఆవిడ మాత్రలు గుప్పెట్లో పోసుకుని మింగిందనే అనుకుంటున్నారు. ఆ ఘట్టం దగ్గర ఎక్కువ నవ్వుతారు కూడా.

నాలుగు రోజులు ఎలాగో గడిపాను. ఆవిడ రెండు మాత్రలూ వేసుకుంటూనే ఉంటుంది, చెబితే వినే మనిషి. ఈసారి పడితే మణికట్టుతో పోదు. ఐదో రోజు, నా వంతు కాని రోజున, మెషీను సంచిలో పెట్టుకుని రేవు దాటాను. ఆవిడ ఆశ్చర్యపోయి ఏదో మొదలుపెట్టబోయింది. "పిన్నిగారూ, ఇవాళ కాఫీ వద్దు. ఐదు నిమిషాలు మీరూ నేనూ మాట్లాడకూడదు. దీనికి అలా ఒక పద్ధతుంది" అన్నాను.

ఆవిడ టక్కున నోరు మూసుకుంది. అంత తేలిక. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. పక్కింటి పెట్ట లోపలికొచ్చి, మమ్మల్నిద్దర్నీ అనుమానంగా చూసి వెళ్లిపోయింది. పిన్నిగారు రెండుసార్లు నోరు తెరిచి మూసింది. నా గడియారం అంత మెల్లగా ఎప్పుడూ నడవలేదు. ఐదు నిమిషాలయ్యాక కొలిచాను. మామూలు మనిషి కంటే తక్కువ. మళ్లీ కొలిచాను. అంతే.

"అయిపోయిందా బాబూ? ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడండి పిన్నిగారూ. మాట్లాడుతుంటే అంకె పెరుగుతుందండి. ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు. మాత్రలు పెంచింది అందుకే. మీరు పడింది అందుకే."

ఆవిడ కట్టు మీద దారప్పోగు ఒకటి దులుపుకుంది. "ఓస్, అంతేనా? ఆ ముక్క ముందే చెప్తే, పట్టీ విప్పేదాకా నోరు మూసుకునేదాన్ని గదా. తర్వాత ఎలాగూ మాట్లాడుకునేవాళ్లం."

"మరి డాక్టరుగారి దగ్గర మతిమరుపని ఎందుకన్నారండీ?"

"నువ్వలా అంటివి గదా. నేను కాదంటే నీ ఉద్యోగం పోద్దేమోనని. నువ్వు పోతే ఇంకోణ్ణి పంపిత్తారు. ఆడెలాంటోడో ఏంటో."

నేను మధ్యాహ్నం పంటు పట్టుకుని ఆ అంకె డాక్టరుగారికి చూపించాను. నిజమంతా చెప్పానని రాయాలనుంది. చెప్పలేదు. పాత మెషీనులో తేడా ఉందని చెప్పాను. ఆయన మెషీన్లను, వాటిని తయారు చేసినవాళ్లను తిట్టి, ఒక మాత్ర తీసేసి, రెండోది సగం చేశారు. ఆవిడకు మళ్లీ కళ్లు తిరగలేదు. మణికట్టు ఎముక అతుక్కుంది. మిగిలిన ఆర్నెల్లు ఐదు నిమిషాలు మౌనంగా కూర్చుని, ఆ తర్వాత గంటన్నర మాట్లాడుకున్నాం. మొదటి ఐదు నెలల టిక్కులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఏడాది చివర్లో పెద్దసారు అందరి ముందు నా ఫారాలు ఎత్తి చూపించి, ఒక్క గడి ఖాళీ లేదని మెచ్చుకున్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను. (వినయం అనుకున్నారు.)

మొన్న మా అక్క మనవరాలి బారసాలలో మళ్లీ ఈ కథ అడిగారు. ఎందుకో ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోడిపెట్ట దాకా నవ్వారు, ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు తాంబూలం కోసమని లేచారు. నర్సింగు చదువుతున్న మా మేనకోడలు మాత్రం కదలకుండా విని, "ఆవిడ ఇప్పుడెలా ఉన్నారు మావయ్యా?" అంది.

తెలియదన్నాను. ఏడాది పాటు నెల నెలా ఆవిడ నిద్ర, ఆకలి, దిగులు, గుండెదడ అడిగి రాసుకున్నవాణ్ణి. ఆఖరి నెల రేవు దాకా వచ్చి సాగనంపితే, "వస్తుంటానండి" అన్నవాణ్ణి. ఆ తర్వాత ఒక్కసారి వెళ్లలేదు. రాజమండ్రి నుంచి నరసాపురం మహా అయితే మూడు గంటలు, పంటుకు ఇంకో పావుగంట. చాలాసార్లు బయల్దేరాలనుకున్నాను. కానీ చేతిలో ఫారం లేకుండా ఒక మనిషి ఇంటికి వెళ్లి, ఎలా ఉన్నారండీ అని ఎలా మొదలుపెట్టాలో నాకిప్పటికీ తెలియదని ఆ అమ్మాయితో అన్నాను. నన్ను చూస్తే నాకే నవ్వొస్తుంది. మా మేనకోడలికి మాత్రం రాలేదు. "వెళ్లి గుమ్మంలో నిలబడు మావయ్యా. మిగతాది ఆవిడే మొదలుపెడుతుంది" అంది.