మోటారు ఇచ్చిన మిస్డ్ కాల్

నిన్న మా బోరు ఎండిపోయిందప్పా. ఎండలకు కాదు, నా వల్లే. నవ్వకుండా వినండి.

మాది ధర్మవరంలో చిన్న రంగుల పని కదా. పట్టునూలు ఉడకబెట్టి, రంగేసి, జాడించి మగ్గాలోళ్ళకు ఇస్తాం. అంతా ఆ ఒక్క బోరు మీదే బతుకు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చినప్పుడు మోటారేసి పనిలో పడితే, తొట్టి నిండి నీళ్ళు వీధిలోకి పారేవి. అది చూస్తే నాకు కడుపు మండేది.

హిందూపురంలో మా బామ్మర్దికి కరెంటు సామాన్ల అంగడి ఉండాది. వాడొక పెట్టె తెచ్చి మోటారుకు బిగించినాడు. దాంట్లో సిమ్ము!

"బావా, కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అయి నీకు మిస్డ్ కాల్ ఇస్తాది. అర్ధగంటకు నువ్వు ఫోన్ చేస్తే ఆగుతాది. మళ్ళా చేస్తే మళ్ళా ఆన్. ఏది చేసినా మిస్డ్ కాల్ ఇచ్చి నీకు చెప్తాది."

నేను రంగు తొట్టి వైపు చూస్తా ఊఁ కొట్టినా. నంబరు రాసిచ్చిన చీటీ జేబులో పెట్టుకున్నానే గానీ సెల్లులోకి ఎక్కించలేదు. పైగా ఆ పెట్టెను ఎవరూ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పినా.

నిన్న నూలు కొనడానికి హిందూపురం బస్సెక్కినా. పెనుకొండ దాటినాక ఒక మిస్డ్ కాల్. ఏదో కొత్త నంబరు. గోరంట్ల చీరల షాపాయన పెళ్ళి ఆర్డరు ఇస్తానన్నాడు, ఆయనెప్పుడూ మిస్డ్ కాలే ఇస్తాడు, అదీ పూటకో నంబరు నుంచి. ఆయనే అనుకున్నా. వచ్చిన మిస్డ్ కాల్‌కు తిరిగి చెయ్యకపోతే బాగుండదు గదా? చేసినా. ఒకసారి మోగి కట్ అయింది. వెంటనే మళ్ళా మిస్డ్ కాల్.

ఇదేంది? నేను చేస్తే కట్ చేస్తాడు, మళ్ళా తనే ఇస్తాడు. మళ్ళా చేసినా. మళ్ళా కట్. మళ్ళా మిస్డ్ కాల్. ఒక పక్క ఆర్డరు పోతుందేమోనని భయం, ఇంకో పక్క ఒళ్ళు మంట. సిగ్నల్ లేదేమోనని పక్క సీటాయన అంటే, కిటికీలోంచి తల బయట పెట్టి ఇంకో రెండుసార్లు చేసినా. రెండూ కట్. తెలుగులో తిట్టి, చాలక కన్నడలో గూడా తిట్టి, సెల్లు ఆఫ్ చేసి పడేసినా. నూలు బేరంలో పడి ఇంక ఆ సంగతే మరిచిపోయినా.

సాయంత్రం వస్తే మా వీధంతా నీళ్ళు. మోటారు కాసేపు ఆడి, కాసేపు ఆగి, ఆఖరికి ఆడతానే ఉండిపోయిందంట. మా ఆమె నాకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. బోరు గాలి కక్కినాక తనే ఫ్యూజు పీకింది. చీటీ తీసి సెల్లులో నంబరుతో పోల్చి చూసుకున్నా. రెండూ ఒకటే. నేను బస్సులో పోట్లాడింది నా మోటారుతోనే!

నూలేమో ఉడికి కూర్చుంది. జాడించడానికి చుక్క నీళ్ళు లేవు. పనోళ్ళను ఇంటికి పంపించేసి, బామ్మర్దిని ఆ పెట్టె పీక్కుపొమ్మన్నా. మా ఆమె ఒప్పుకోలేదు.

"ఈ ఇంట్లో చెప్పిన మాట వినేది అదొక్కటే, ఉండనీ. నీ సెల్లే ఇటియ్యి" అనింది.

ఇచ్చేసినా. అందుకే ఈ పూట మీకు ఫోన్ చెయ్యకుండా నడిచొచ్చినా.