బోర్కాని ఎవరు పట్టుకోవాలి?

ఎటెల్కా జాలిగుండె మనిషేమీ కాదు. ఆదివారం వస్తే మిరపపొడి దట్టించి కుందేలు కూర వండేది. నేనూ ఎన్నోసార్లు తిన్నాను. అలాంటి మనిషి ఒక కుందేలు కోసం డైరెక్టరుతో తగువుకు దిగిందంటే తప్పెవరిదో మీరే చెప్పండి.

తీసా నది ఒడ్డున ఉన్న పరిశోధన కేంద్రంలో, కుందేళ్ల పాకల్లో మేమిద్దరం పనివాళ్లం. అక్కడ ఫలదీకరణ జరిగిన కుందేలు అండంలోకి వెంట్రుకకన్నా సన్నని గాజుసూదితో మనిషి జన్యువును ఎక్కిస్తారు. ఆ అండాన్ని ఇంకో కుందేలు కడుపులో పెడతారు. అది కన్న పిల్లల్లో ఏ ఒక్కదానికో ఆ జన్యువు అబ్బుతుంది. ఆ పిల్ల పెరిగి ఈనితే, దెబ్బ తగిలినా రక్తం గడ్డకట్టని పసివాళ్లకు కావలసిన మందు దాని పాలలో దొరుకుతుంది. మంచి పనే, కాదనను.

బోర్కా అలా మోసిన తల్లి. దాని ఒంట్లో ఏ మార్పూ లేదు, మామూలు బూడిదరంగు కుందేలు. జంతువులకు పేర్లు పెట్టకూడదన్నారు, ఎటెల్కా పెట్టింది. జన్యువు అబ్బిన మొదటి పిల్లను కన్నది బోర్కానే. టీవీవాళ్లు వచ్చిన రోజు డైరెక్టర్ బెరెన్యి దాన్ని ఒళ్లో పెట్టుకుని, "మా విజయానికి తల్లి ఇదే" అంటూ నుదుటిమీద ముద్దు కూడా పెట్టాడు. ఆ ఫోటోకు అద్దం కట్టించి వసారాలో తగిలించారు.

తరవాత పరిశోధన ముగిసింది. కుందేళ్లన్నిటినీ చంపి కాల్చెయ్యమన్నారు. జన్యువు మార్చినవి బయటికి పోకూడదు, సరే. మరి బోర్కా ఏం చేసింది?

"డైరెక్టరు గారూ, దీనికి మీరేమీ ఎక్కించలేదుగా. మా ఇంటికి తీసుకుపోతాను," అంది ఎటెల్కా.

"ఆ పిల్లల్ని మోసింది కదా! రూలు ఒప్పుకోదు. అయినా వారం వారం కుందేలు వండుకునేదానివి, దీనికెందుకింత గోల?"

"వండుతాను. ముందురోజు కెమెరా ముందు ముద్దులు పెట్టి మాత్రం వండను."

ఆయన మొహం కందిపోయింది.

"సరే, రూలే అయితే రేపు చంపే సూది వేసేటప్పుడు మీరే పట్టుకోండి. మీ ఒడి దానికి అలవాటేగా!"

"రేపు నాకు మీటింగుంది," అన్నాడు ఆ పెద్దమనిషి. సిగ్గుండాలి!

మర్నాడు ఎటెల్కానే పట్టుకుంది. రోజూ గడ్డి వేసే చెయ్యి కదా, బోర్కా పెనుగులాడలేదు. ఆమె మోచేతి వంపులో ముక్కు దూర్చుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

కొన్నాళ్లకు ఎవరో అతిథులొస్తున్నారని, వసారాలో ఆ ఫోటో తుడవమని డైరెక్టరు కబురు పెట్టాడు. ఎటెల్కా తడిగుడ్డ పట్టుకుని వెళ్లింది. బోర్కా ఉన్నంత మేరా అద్దం తళతళలాడేలా తుడిచింది. ఆయన మొహం మీది దుమ్మును అలాగే వదిలేసి వచ్చింది.