భట్టి అనుకున్న బ్యాటరీ

మొన్న మా ఆఫీసు గదిలో నలుగురం, అయిదు లాప్‌టాప్‌లు, ఒక టీ ఫ్లాస్కు, మూసిన కిటికీ. వీటి మధ్య వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. "ఏం కాదులే, రోజూ వచ్చేదే," అన్నాడు పక్క సీటాయన. లేచి, వాసన వస్తున్న లాప్‌టాప్ ఆపేశాను. ఏం కాదులే అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అది సత్తెన్న దగ్గర అంటుకున్న గుణం.

డిప్లొమా అయ్యాక నేను నిజామాబాద్‌లో సత్తెన్న రిపేరు దుకాణంలో చేరాను. ఏ లాప్‌టాప్ వచ్చినా స్క్రూ విప్పకముందే బ్యాటరీ నంబరు రిజిస్టర్లో ఎక్కించాలన్నది ఆయన నియమం. రిపేరుకు పనికిరాని ఆ నంబరు ఎందుకని లోలోపల విసుక్కునేవాణ్ని. ఒక వానాకాలం ఒక కంపెనీ తన బ్యాటరీలు కొన్ని అంటుకుంటున్నాయని, వాటిని వెనక్కి తీసుకుని ఉచితంగా కొత్తవి ఇస్తామని ప్రకటించింది. ఆ నంబర్లను మా రిజిస్టర్‌తో పోల్చి చూస్తే ఒకటి కలిసింది. ఎడపల్లిలోని ఒక బీడీ కార్ఖానాది.

"మనం అమ్మింది కాదు కదన్నా. అమ్మిన షోరూమాయన చెప్తడు," అన్నాను.

"చెప్పకపోతే? మూత విప్పి చూసినోళ్లం మనం. స్కూటర్ తియ్యి."

వెనక కూర్చున్న ఆయన ఒళ్లో పొడి ఇసుక నింపిన రేకు డబ్బా. దారిలో అందరూ మమ్మల్నే చూస్తున్నారని నాకు సిగ్గేసింది.

కార్ఖానాలో ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. గోడల పొడవునా ఎండిన తునికాకు మూటలు. అలాంటి ఒక మూట మీదే లాప్‌టాప్, దాని మీద, పక్కన బీడీ కట్టలు. లెక్కలు రాసే మున్షీ యాదగిరి మమ్మల్ని చూసి నవ్వాడు.

"బ్యాటరీ వాపస్ తీస్కుంటున్నరు. అంటుకుంటదట," అన్నాడు సత్తెన్న.

"గరమైతే మాకే ఫాయిదా అన్నా! వానకు మెత్తవడ్డ కట్టలు దీని మీదనే ఆరవెడ్తున్న. పుక్కట్ల భట్టి దొరికింది."

ఆడవాళ్లు నవ్వారు. గంగవ్వ అనే పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "మొన్న దాని కింద ఆకు నల్లగైంది బిడ్డా. సూపిస్తె గీ మున్షీ నన్నే ఎక్కిరిచ్చిండు. నీకు కండ్లు మసకవడ్డయి అవ్వా అన్నడు."

సత్తెన్న లాప్‌టాప్ ఆపి బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. అడుగు ఉబ్బి ఉంది. వేలితో తాకితే ఊగింది.

"నడిచే సామాను ఎట్ల గుంజుకపోతవ్? దొంగతనమని సేటుకు చెప్త," అన్నాడు యాదగిరి.

"చెప్పు. ఠాణాల చెప్పినా గిదే చూపిస్త. కొత్తది వచ్చేదాంక కరెంటు మీద నడుపుకో. ఆకు మూట మీదికెల్లి మాత్రం తియ్యి."

నాతో రసీదు రాయించి ఇచ్చి, బ్యాటరీని ఇసుకలో పూడ్చాడు. ఆ డబ్బాను రోడ్డు పక్కన ఖాళీ జాగాలో పెట్టించి, కంపెనీకి ఫోను చేసి, వాళ్ల మనిషి వచ్చి తీసుకెళ్లేదాకా అక్కడి నుంచి కదలలేదు.

మర్నాడు ఆ లాప్‌టాప్ అమ్మిన షోరూముకు వెళ్లాం. కంపెనీ పంపిన నోటీసు యజమాని బల్ల అద్దం కిందే ఉంది, దాని మీద దేవుడి పటం. రెండు నెలల కిందటే వచ్చిందట.

"చెప్తే గిరాకీ బెదురుతది సత్తెన్నా. అయినా ఏం కాలే కదా, గింత లొల్లెందుకు?"

"కాలినంక చెప్తవా?" అన్నాడు సత్తెన్న. ఆయన గొంతు పెంచడం నేను విన్నది అదొక్కసారే.

ఆ యజమానికి అయ్యే ఖర్చేమీ లేదు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ఏమీ కాలేదన్నది ఆయన దృష్టిలో సంజాయిషీ. నిజానికి ఆకు నల్లబడినప్పుడే ప్రమాదం మొదలైంది, గంగవ్వ చెప్పింది కూడా, వినేవాళ్లే లేరు. సత్తెన్న పోరాడింది ఆ వినకపోవడం మీదే. సిగ్గుపడుతూ స్కూటర్ నడిపిన నేనూ ఆ విననివాళ్ల వరసలోనే ఉన్నాను. అందుకే ఇప్పుడు ఏ వస్తువు వెనక్కి ఇమ్మన్నారని తెలిసినా, నా దగ్గర ఉన్నదాని నంబరు చూస్తాను, అది పెట్టిన చోటికి వెళ్లి చుట్టూ ఎవరు కూర్చుంటారో లెక్కపెడతాను.

ఎడపల్లి కార్ఖానా గదిలో ఆ రోజు ఇరవై ముగ్గురు ఆడవాళ్లు. తలుపు ఒకటి.